పాత కంప్యూటర్‌కు ఏ లినక్స్? తొలిసారి పెట్టుకునేవారి కోసం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. ఇంట్లో వాడుకునేవారికి ఇంకో ఏడాది పాటు అదనపు అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టారు కానీ అది గడువును వెనక్కి జరపడమే. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే 2017 చివరికి ముందు వచ్చిన యంత్రాల్లో చాలా వరకు బాగా పనిచేస్తున్నా సరే, లెక్కలోంచి పోయినట్టే.

ఆ యంత్రాలు ఎక్కడున్నాయో మనకు తెలుసు. అంబేద్కర్ స్టడీ సర్కిళ్లలో, సంఘాల ఆఫీసుల్లో, యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో, ఎవరో ఉద్యోగస్తుడు కొత్తది కొనుక్కుని వాడకు ఇచ్చేసిన పాత డెస్క్‌టాపుల్లో. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో సెకండ్ హ్యాండ్‌లో కొని, అప్పు తీర్చుకుంటూ వాడుతున్న మూడో తరం, నాలుగో తరం ఐ3, ఐ5 ల్యాప్‌టాపుల్లో. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు గ్రామాల్లో సుమారు 4 శాతం, పట్టణాల్లో సుమారు 23 శాతం. ఇంత తక్కువ ఇళ్లలో ఉన్నదాన్ని కూడా ‘పనికిరాదు, కొత్తది కొనండి’ అంటే ఆ మాట ఎవరి మీద ఎక్కువ బరువు వేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

చాలామంది ఈ సమస్యకు వెతుక్కునే దారి అసెంబ్లింగ్ షాపులో వేసిచ్చే క్రాక్ విండోస్. దాన్ని వాడేవారిని దొంగలనడానికి మేము సిద్ధంగా లేము. అయితే ఆ క్రాక్ చేసే చిన్న ప్రోగ్రాం పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపేయమంటుంది. ఊరూ పేరూ తెలియని ఒక ప్రోగ్రాంకు కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇచ్చేసి, ఆ తర్వాత అదే కంప్యూటర్లో అట్రాసిటీ కేసు బాధితురాలి వాంగ్మూలం టైప్ చేస్తాం. మా అభ్యంతరం ఇక్కడ.

ఇంతకంటే మంచి దారి ఉంది, డబ్బులు కూడా అడగదు. అదే లినక్స్. ఏ లినక్స్ పెట్టుకోవాలన్న ప్రశ్న దగ్గరే కొత్తవాళ్లు ఆగిపోతున్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే వందల పేర్లు వస్తాయి, ఒక్కో పేరుకూ ఒక అభిమాన సంఘం. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నకే పరిమితం.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ప్రోగ్రాంను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చదవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు అన్నది దాని పునాది. 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ రాశాడు. యంత్రానికీ మన ప్రోగ్రాంలకూ మధ్య నిలిచే భాగాన్ని కెర్నెల్ అంటారు. ఈ రెండూ కలిసి, ఇంకా వేలాది మంది పనీ కలిసి ఇవాళ్టి లినక్స్ అయింది. కెర్నెల్ ఒకటే అయినా దాని చుట్టూ మెనూలు, బొమ్మలు, ప్రోగ్రాంలు పేర్చి ఒక ప్యాకేజీగా ఇచ్చేవాళ్లు చాలామంది. ఆ ఒక్కో ప్యాకేజీని డిస్ట్రిబ్యూషన్ అంటారు, వాడుకలో డిస్ట్రో. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా ఇవన్నీ డిస్ట్రోలే.

లైసెన్సు కీ లేదు కాబట్టి ఒక్క పెన్‌డ్రైవ్‌తో పది కంప్యూటర్లకు వేయొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అది నేరం కాదు సరికదా, లైసెన్సే అందుకు అనుమతి ఇస్తుంది. చదువు కొందరికే, మిగతావారికి నిషిద్ధం అన్న వ్యవస్థ కింద నలిగిన వాళ్లకు ‘లోపల ఏముందో ఎవరైనా చదవచ్చు’ అన్న నియమం విలువ వివరించాల్సిన అవసరం లేదు. బెంగుళూరు సుదర్శన్ లేఅవుట్ బస్తీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు పిల్లల కోసం నడిపిన కేంద్రానికి అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని పేరు పెట్టుకున్నారు. పాత కంప్యూటర్లు, వాటిలో లినక్స్, బొమ్మలు గీసుకోవడానికి గింప్. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టంను తయారుచేసింది, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను నడుపుతోంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఐటీ చదువంతా చాలా ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే సాగుతోంది, వాళ్ల బడుల కోసం ఉబుంటు ఆధారంగా సొంత డిస్ట్రో ఉంది. పల్లెటూరి పిల్లలకు లినక్స్ కష్టం అనేవారికి ఆ బడులే జవాబు.

మా సమాధానం: మింట్

తొలిసారి మారేవారికి మేము చెప్పేది లినక్స్ మింట్. 2006 నుంచి వస్తోంది. ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షన్ మీద కడతారు. ఇప్పటి 22 సిరీస్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, అంటే ఒకసారి వేస్తే డిగ్రీ అయిపోయేదాకా దాని జోలికి పోనక్కర్లేదు. ప్రతి వెర్షన్‌కూ ఒక స్త్రీ పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ.

మింటే ఎందుకంటే, విండోస్ 7, 10 వాడిన చెయ్యి దీనిలో తడుముకోదు. కింద ఎడమ మూల మెనూ, కింద పట్టీ, కుడి మూల గడియారం. ఫైళ్ల కిటికీ అలాగే ఉంటుంది. అప్‌డేట్ల కోసం మీ పని మధ్యలో ఆపి రీస్టార్ట్ చేయదు. టైంషిఫ్ట్ అనే సదుపాయం ఉంది. ఏదైనా అప్‌డేట్ తర్వాత తేడా వస్తే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకుపోతుంది. ఇది సిస్టం ఫైళ్లకే, మీ డాక్యుమెంట్లకు కాదు, వాటిని విడిగా కాపీ చేసుకోవాలి. అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. రాత్రి పదకొండింటికి ప్రింటర్ పనిచేయక చిక్కుకుంటే, ఉబుంటుకో మింట్‌కో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన పరిష్కారం దాదాపుగా దొరుకుతుంది. గొప్ప డిస్ట్రో ఏది అన్నది కాదు, చిక్కుకున్నప్పుడు పక్కన కూర్చునేవారు దేనికి ఎక్కువమంది ఉన్నారు అన్నదే కొత్తవారికి అసలు కొలత. ఈ లెక్కన మీ హాస్టల్లోనో ఊళ్లోనో ఇప్పటికే ఫెడోరా బాగా తెలిసిన స్నేహితురాలు ఉంటే మా మాట పక్కనబెట్టి ఫెడోరాయే వేసుకోండి. దానికి ఆరు నెలలకో కొత్త వెర్షన్, ఒక్కో వెర్షన్‌కు 13 నెలల మద్దతు, కాబట్టి తరచూ అప్‌గ్రేడ్ చేయాలి. ఆమె చూసుకుంటుంది.

మింట్ మూడు రూపాల్లో వస్తుంది: సినమన్, మేట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ. లోపల అంతా ఒకటే, తెర మీది అలంకారంలో తేడా. ర్యామ్ 8 జీబీ ఉంటే కళ్లు మూసుకుని సినమన్. 4 జీబీ ఉంటే రెండూ నడుస్తాయి, ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. మింట్ వాళ్లు కనీసం 2 జీబీ అంటారు, 4 ఉంటే హాయి అంటారు. 2 జీబీతో సిస్టం నడిచే మాట నిజమే కానీ బ్రౌజర్లో యూట్యూబ్, వాట్సాప్ వెబ్, గూగుల్ డాక్స్ మూడూ తెరిస్తే ఊపిరాడదు. ఆ తప్పు లినక్స్‌ది కాదు, ఇవాళ్టి వెబ్‌సైట్లు అంత బరువు. చేతిలో కాస్త డబ్బుంటే ముందు పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, తర్వాత ర్యామ్ పెంచండి. పదేళ్ల ల్యాప్‌టాప్ కూడా ఎస్‌ఎస్‌డీతో లేచి కూర్చుంటుంది. డిస్ట్రో మార్చితే వచ్చే వేగం కంటే దీనితో వచ్చేదే ఎక్కువ.

మిగతా పేర్లు

ఉబుంటు 2004 నుంచి ఉంది, కంపెనీల్లో, సర్వర్లలో ఎక్కువగా వాడేది అదే. కంప్యూటర్ సైన్సు చదువుతూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వైపు పోయే విద్యార్థి, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం చేతిలో ఉంటే నేరుగా ఉబుంటు వేసుకున్నా మంచిదే. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్ మాత్రమే తీసుకోండి, ఐదేళ్లు అప్‌డేట్లు ఉంటాయి. తెర అమరిక విండోస్‌లా ఉండదు, పాత యంత్రం మీద బరువు. తేలికైన రూపాలుగా జుబుంటు, లుబుంటు ఉన్నాయి.

జోరిన్ ఐర్లాండ్ నుంచి వస్తుంది, చూడ్డానికి విండోస్‌కు ఇంకా దగ్గర. ఇంట్లో అమ్మకో నాన్నకో పెట్టివ్వాలంటే పరవాలేదు. దానికి డబ్బులు తీసుకునే ప్రో రూపం కూడా ఉంది, అది మీకు అవసరం లేదు, కోర్ అనే ఉచిత రూపం చాలు.

బాస్ లినక్స్ ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసింది, డెబియన్ మీద కట్టింది, భారతీయ భాషలకు మద్దతు ఉంది. 2007 నుంచి ఉన్నా దాన్ని ఇళ్లలో వాడేవారు తక్కువ కాబట్టి చిక్కుముడి పడ్డప్పుడు అడిగే దిక్కు తక్కువ. స్వదేశీ అన్న ఒక్క కారణంతో మేము దాన్ని ముందుకు తేలేము.

32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత యంత్రాలకు దారులు మూసుకుపోతున్నాయి. ఉబుంటు, మింట్ ప్రధాన రూపాలు వాటిని వదిలేశాయి. 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. డెబియన్ 12కు 2028 వరకు దీర్ఘకాల మద్దతు ఉంది, దాన్ని ఎక్స్‌ఎఫ్‌సీఈతో వేసుకోవచ్చు. లేదంటే యాంటీఎక్స్. చాలా తేలికైనది, పైగా తాను ఫాసిస్టు వ్యతిరేకినని సగర్వంగా చెప్పుకునే డిస్ట్రో. ఆ మాట చూసి ముచ్చటపడి వేసుకునే మిత్రులు ఉంటారని తెలుసు. 64 బిట్ యంత్రం ఉండి, మీరు కొత్తవారైతే మాత్రం ముచ్చటను కాసేపు ఆపుకోండి, దాని అమరిక మింట్ అంత సులువు కాదు.

కాలీ లినక్స్ గురించి విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. యూట్యూబ్‌లో హ్యాకింగ్ వీడియోలు చూసినవారికి లినక్స్ అంటే అదే. అది భద్రతా పరీక్షలు చేసే నిపుణుల పనిముట్ల పెట్టె. లినక్స్ కొత్తగా నేర్చుకునేవారికి ఇది తగదని దాన్ని తయారుచేసేవాళ్లే రాసిపెట్టారు. ఇంటి కంప్యూటర్‌కు వద్దు.

తెలుగు రాయడం

మన పనికి ఇది ప్రాణం, ఇంగ్లీషులో వచ్చే సలహా వ్యాసాల్లో మాత్రం దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

యూనికోడ్ తెలుగు చదవడానికి మింట్‌లో ఏమీ చేయనక్కర్లేదు, అక్షరాలు కనిపిస్తాయి. రాయడానికి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవారు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల జాబితాలో తెలుగు కలుపుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ తెలుగు రప్పించే లేఖిని తరహా పద్ధతి కావాలంటే, మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ ఎంచుకుని, దానికి ఎం17ఎన్ అనే జోడింపు వేసుకోవాలి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, ఇన్‌స్క్రిప్ట్ అన్నీ ఉంటాయి. ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. ఫాంట్ల కోసం సాఫ్ట్‌వేర్ మేనేజర్లో తెలుగు అని ఇంగ్లీషులో వెతికితే లోహిత్, పోతన, వేమన వస్తాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గురజాడ వంటివి కూడా స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, పోస్టర్ల శీర్షికలకు బాగుంటాయి.

లిబ్రే ఆఫీస్‌లో ఒక చిక్కు చాలామందిని వెనక్కి పంపేస్తోంది. ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు మారవు. కారణం, అది తెలుగును సంక్లిష్ట లిపి కింద లెక్కేసి దానికి వేరే ఫాంట్ పెట్టుకుంటుంది. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ లోపల సీటీఎల్ అనే చోట టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత క్యారెక్టర్ ఫార్మాట్ పెట్టెలో ఆసియా భాషల కింద కాకుండా సీటీఎల్ కింద తెలుగు ఫాంట్, సైజు విడిగా ఇచ్చుకోవచ్చు. ఒకసారి చేస్తే చాలు.

అసలు గోడ అను ఫాంట్లు. మన సంఘాల పదిహేను, ఇరవై ఏళ్ల కరపత్రాలు, ప్రత్యేక సంచికలు, నిజనిర్ధారణ నివేదికలు ఎక్కువగా పేజ్‌మేకర్లో అను స్క్రిప్టుతో కట్టినవి. అవి యూనికోడ్ కావు. లినక్స్‌లోనే కాదు, అను లేని ఏ విండోస్‌లో తెరిచినా పిచ్చి అక్షరాలే. ఇప్పటికీ ప్రెస్సు వాళ్లు అను ఫైలే అడిగితే, ఆ ఒక్క పనికీ ఒక విండోస్ యంత్రం అట్టిపెట్టుకోవాల్సిందే. వైన్ అనే ప్రోగ్రాంతో లినక్స్‌లోనే విండోస్ సాఫ్ట్‌వేర్ నడపవచ్చని ఎవరైనా చెబితే, పేజ్‌మేకర్, అను జంట విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే వెబ్‌సైట్లు ఉన్నాయి. అచ్చయిన కరపత్రాన్ని వాటిలో పెట్టండి, తప్పులేదు. బాధితుల వాంగ్మూలాలను, సాక్షుల పేర్లున్న కాగితాలను మాత్రం ఎవరిదో తెలియని సైట్లో అతికించకండి.

స్కాన్ చేసిన జీవోలు, ఎఫ్‌ఐఆర్‌లు, పాత పుస్తకాల నుంచి అక్షరాలు తీసుకోవడానికి టెసెరాక్ట్ ఉంది. తెలుగు వస్తుంది. జీఇమేజ్‌రీడర్ అనేదాన్ని పైన వేసుకుంటే మౌస్‌తోనే పని. స్పష్టమైన అచ్చు అయితే బాగానే చదువుతుంది, పోలీసు స్టేషన్ చేతిరాతను చదవదు. అంతా మీ యంత్రంలోనే జరుగుతుంది, కాగితం బయటికి పోదు.

కంప్యూటర్లో ఎవరి పేర్లున్నాయి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఏ సెక్షన్ వచ్చింది. సాక్షుల పేర్లు, చిరునామాలు ప్రజలకు అందుబాటులో ఉండే కేసు రికార్డుల్లో కనబడకుండా దాచమని ఆదేశించే అధికారం ప్రత్యేక కోర్టుకు అందులో ఉంది. కోర్టు దాచగలిగిన పేరు మన సంఘం ల్యాప్‌టాప్‌లో బస్సులో పోయిందనుకోండి. విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే లాభం లేదు, హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అంతా కనిపిస్తుంది. లినక్స్‌లో పాస్‌వర్డ్ ఒక్కటే ఉన్నా అంతే.

అందుకే మింట్ వేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపే పేజీలో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ నొక్కి, ఎల్‌వీఎంతో పాటు ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి. అప్పుడు ఆన్ చేయగానే ఒక పొడవైన రహస్య వాక్యం అడుగుతుంది, అది లేకుండా డిస్క్‌లో ఉన్నది ఎవరికీ అర్థం కాని చెత్తే. మర్చిపోతే మీకూ అంతే, తెరిపించే కంపెనీ ఎక్కడా లేదు. సంఘం కంప్యూటర్ అయితే ఆ వాక్యం ఇద్దరికి తెలిసి ఉండాలి, ముఖ్యమైన ఫైళ్ల ప్రతి ఇంకో ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవులో వేరే ఇంట్లో ఉండాలి. విండోస్ కూడా పక్కన ఉంచుకునేవారికి ఈ మొత్తం డిస్క్ పద్ధతి అంత సులువు కాదు. వారు యూజర్ పేరు అడిగే పేజీలో హోమ్ ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ చేసే గడి టిక్ చేసుకోవచ్చు.

భీమా కోరేగావ్ కేసు ఇక్కడ గుర్తు రాక మానదు. 2018లో అరెస్టయిన రోనా విల్సన్ కంప్యూటర్ డిస్క్ ప్రతిని డిఫెన్స్ న్యాయవాదుల కోరిక మీద పరిశీలించిన అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. నెట్‌వైర్ అనే మాల్‌వేర్‌తో బయటివారు ఆ యంత్రంలోకి చొరబడి ఫైళ్లు పెట్టారని అందులో రాసింది. ఎన్ఐఏ ఆ నివేదికను ఒప్పుకోలేదు. ఆ నివేదిక ప్రకారం చొరబాటు మొదలైంది తెలిసిన మనిషి పేరుతో వచ్చిన ఈమెయిల్‌తో. దీన్ని చూపి ‘లినక్స్ వేస్తే ఇలా జరగదు’ అని మేము చెప్పబోము. అలాంటి మాల్‌వేర్ లినక్స్‌కూ రాస్తారు. సాధారణ వైరస్‌లు చాలా వరకు విండోస్ కోసం రాసినవి కాబట్టి వాటి బెడద తగ్గుతుంది, అంతే. ఎవరి పేరుతో వచ్చినా, అడగని అటాచ్‌మెంట్ తెరిచేముందు ఫోన్ చేసి కనుక్కోవడం అనే అలవాటుకు ఏ ఆపరేటింగ్ సిస్టం ప్రత్యామ్నాయం కాదు.

వేసేముందు చూసుకోవాల్సినవి

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, ఇంటర్నెట్, ఒక మధ్యాహ్నం. మింట్ ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది, దాని సొంత వెబ్‌సైట్ నుంచే దింపండి. డేటా లేకపోతే దింపినవాళ్ల దగ్గర తెచ్చుకోవచ్చు, పంచుకోవడానికే కదా ఉంది. అలా తెచ్చుకున్నప్పుడు వెబ్‌సైట్లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ 256 అంకెతో సరిపోల్చుకోండి. విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మీద రాసి, కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెరవాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

ఇక్కడ తొందర వద్దు. పెన్‌డ్రైవ్ మీదే మింట్ నడుస్తుంది, డిస్క్‌ను ముట్టుకోదు. ఒక గంట వాడి చూడండి. వైఫై పట్టుకుందా, సౌండ్ వస్తోందా, కెమెరా, తెర వెలుతురు పెంచే మీట, మూత మూస్తే నిద్రపోయి తిరిగి లేస్తోందా. ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి. హెచ్‌పీ ప్రింటర్లు ఎక్కువగా వెంటనే పనిచేస్తాయి. మన జిరాక్స్ సెంటర్లలో, ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో బాగా సతాయిస్తుంది, ఆ ప్రింటర్ ఉన్నవారు ముందే ఈ పరీక్ష చేయాలి. వైఫై పట్టుకోకపోతే భయపడొద్దు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది, ఆ తర్వాత డ్రైవర్ మేనేజర్ కావాల్సింది వెతికిపెడుతుంది.

మీ పనుల జాబితా కూడా రాసుకోండి. వాట్సాప్ వెబ్, గూగుల్ మీట్, యూట్యూబ్, స్కాలర్‌షిప్ పోర్టళ్లు బ్రౌజర్లో నడిచేవే, తేడా ఉండదు. జూమ్, సిగ్నల్, క్రోమ్, వీఎల్‌సీ లినక్స్‌కు ఉన్నాయి. వీడియోలు కత్తిరించడానికి కేడెన్‌లైవ్, సభను లైవ్ ఇవ్వడానికి ఓబీఎస్, పోస్టర్లకు ఇంక్‌స్కేప్, గింప్. ఫోటోషాప్ రాదు, ఎంఎస్ ఆఫీస్ రాదు. ఉద్యోగ పరీక్షల్లో కంప్యూటర్ నైపుణ్య పరీక్ష రాసేవారు ఎంఎస్ వర్డ్, ఎక్సెల్ మీద చెయ్యి తిప్పుకోవాలి, లిబ్రే ఆఫీస్‌తో దగ్గరగా వస్తారు కానీ మెనూలు అవే కావు. ఇంటి నుంచి రాసే కొన్ని ఆన్‌లైన్ పరీక్షల బ్రౌజర్లు విండోస్, మ్యాక్‌లలో మాత్రమే నడుస్తాయి. డిగ్రీ మధ్యలో ఉన్నవారు ఈ రెండు కారణాలతో విండోస్‌ను పక్కన ఉంచి, రెంటినీ ఒకే యంత్రంలో పెట్టుకోవడమే మంచిదని మా అభిప్రాయం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘విండోస్ పక్కన’ అనే మాట ఎంచుకోవాలి. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే తర్వాత విండోస్ తలుపు తీయదు.

హాస్టల్లోనో స్టడీ సర్కిల్లోనో పదిమంది వాడే కంప్యూటర్ అయితే ఒక్కటే అకౌంట్ పెట్టి అందరికీ పాస్‌వర్డ్ చెప్పే అలవాటు మానాలి. లాగిన్ విండో సెట్టింగ్స్‌లో గెస్ట్ సెషన్ ఆన్ చేస్తే వచ్చినవాళ్లు అందులో పనిచేసుకుని పోతారు, బయటికి రాగానే వాళ్ల జాడ చెరిగిపోతుంది, మర్చిపోయిన జీమెయిల్ లాగిన్‌తో సహా. అడ్మిన్ అకౌంట్ ఇద్దరి చేతిలో ఉండాలి, అందులో ఒకరు అమ్మాయి అయితే మేలు. మన చోట్ల కంప్యూటర్ గది తాళం చెవి ఎప్పుడూ అబ్బాయిల జేబులోనే ఉంటోంది.

ఎస్‌ఎస్‌డీ కొత్తది వేసి అందులో మింట్ పెట్టేవారు పాత హార్డ్‌డిస్క్‌ను అమ్మేయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. చెరిపేసిన ఫైళ్లు కూడా దానిలోంచి తీయవచ్చు. ఒక యూఎస్‌బీ పెట్టెలో పెట్టి ఏడాది పాటు బీరువాలో ఉంచండి, ‘ఫలానా సర్టిఫికెట్ స్కాన్ ఎక్కడో ఉండాలే’ అన్నప్పుడు పనికొస్తుంది.